అప్పు ఇచ్చాక ఏమైందో లెక్క రాయడం: పరపతి సంఘాలకు సామాజిక, పర్యావరణ నివేదిక ఎలా?

ఉమ్మడి అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో పొదుపు, పరపతి సంఘాలు నడిపేవాళ్లు కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు. "సార్, మాకు అప్పిచ్చే బ్యాంకు సోషల్, ఎన్విరాన్‌మెంట్ రిపోర్టు కావాలంటోంది. ఫార్మాట్ ఏమన్నా ఉంటే పంపండి." ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేకన్నా వరసగా రాసిపెడితే నయమని ఇది రాస్తున్నా.

ఫార్మాట్ మాత్రం ఇవ్వను. ఇస్తే ఏమవుతుందో చూశాను. గళ్లు నింపేస్తారు, మొక్కలు నాటిన ఫొటో ఒకటి, మహిళా దినోత్సవం ఫొటో ఒకటి అతికిస్తారు, పంపేస్తారు. మీ సంఘం డబ్బు ఊళ్లో ఏం చేసిందన్నది అందులో ఎక్కడా ఉండదు. నేను గ్రామీణ బ్యాంకులో చాలా ఏళ్లు పనిచేశాను. అప్పు ఎంతమందికి ఇచ్చామో నెలనెలా పంపేవాళ్లం. ఇచ్చాక ఏమైందో అడిగిన కాగితం ఒక్కటీ పైనుంచి రాలేదు, మేమూ అడగలేదు. అది మీరు అడగాలి.

అసలు ఈ రిపోర్టు గోల ఎక్కడినుంచి వచ్చిందో రెండు మాటల్లో చెబుతా. షేర్ మార్కెట్లో నమోదైన కంపెనీల్లో విలువ ప్రకారం మొదటి 1000 కంపెనీలు బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక) ఇవ్వాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021లో చెప్పింది. 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి అది తప్పనిసరి. పెద్ద బ్యాంకులన్నీ అందులో ఉన్నాయి. తొమ్మిది సూత్రాల కింద ఉద్యోగులు, ఖాతాదారులు, పర్యావరణం, నీతి నియమాలు ఇలా వరసగా జవాబులు రాయాలి. దీనికి తోడు గ్రీన్ డిపాజిట్ల (పర్యావరణానికి మేలు చేసే పనులకే వాడాల్సిన డిపాజిట్లు) మీద రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధనలు 2023 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ సొమ్ము ఎక్కడికి పోయిందో, ఏం ఫలితం ఇచ్చిందో ఏటా బయటివాళ్లతో తనిఖీ చేయించాలి. మీకు అప్పిచ్చే బ్యాంకు తన లెక్క చూపాలంటే మీ లెక్క కావాలి. అందుకే అడుగుతోంది. చట్టప్రకారం మీ సంఘానికి బీఆర్‌ఎస్‌ఆర్ వర్తించదు కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. కానీ వాళ్ల పద్ధతిలో మంచి ఉన్నంతవరకు తీసుకోవచ్చు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- మార్చి 31 నాటి ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీటు
- సభ్యుల రిజిస్టరు, అప్పుల రిజిస్టరు (కంప్యూటర్లో ఉంటే ఎక్సెల్ కాపీ)
- తిరస్కరించిన దరఖాస్తులు. చాలాచోట్ల పారేస్తారు. ఈ ఏడాది నుంచి ఫైల్ చేయండి
- ఫిర్యాదుల పుస్తకం
- 12 నెలల కరెంటు బిల్లులు, జనరేటర్ డీజిల్ బిల్లులు, బండి పెట్రోల్ వోచర్లు
- జీతాల రిజిస్టరు
- ఊళ్లు తిరగడానికి ఇద్దరు మనుషులు, పది రోజుల సమయం

కన్సల్టెంట్ అక్కర్లేదు. ఎక్సెల్ రాకపోతే పెద్ద రూళ్ల పుస్తకం చాలు. 500 అప్పుల లోపు సంఘానికి చేత్తో చేసినా నాలుగు రోజుల పని.

1. గిరి గీసుకోండి

లెక్కలో ఏది ఉంటుందో, ఏది ఉండదో మొదటి పేజీలోనే రాయండి. బ్యాంకింగ్ గ్రూపు అంటే బ్యాంకు ఒక్కటే కాదు. దాని కింద ఇన్సూరెన్స్, మ్యూచువల్ ఫండ్, హౌసింగ్ లోన్ కంపెనీలు ఉంటాయి. అందుకే ఈ నివేదిక ఒక్క కంపెనీకా, మొత్తం గ్రూపుకా అని బీఆర్‌ఎస్‌ఆర్ మొదట్లోనే అడుగుతుంది. మీకూ అదే ప్రశ్న. ఎరువుల డిపో ఉందా? గోడౌన్? పెట్రోల్ బంకు? అప్పుల విభాగం లెక్క రాసి డిపో సంగతి వదిలేస్తే, మీరు ఏటా అమ్మే యూరియా, పురుగుమందు లెక్కలోకే రావు. వదలదలచుకుంటే వదలండి. అయితే "డిపో ఇందులో లేదు, ఫలానా కారణం" అని ఒక వాక్యం రాయండి. గిరి ఒకసారి గీశాక ఏటేటా మార్చకండి. మారిస్తే పోయిన ఏడాది అంకెలు కూడా కొత్త గిరి ప్రకారం తిరగరాయాలి.

2. ఖాతాలు కాదు, మనుషుల్ని లెక్కపెట్టండి

అన్నిటికన్నా ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. "ఈ ఏడాది 1,200 మందికి అప్పులిచ్చాం" అని ఒక సంఘం రాసుకొచ్చింది. రిజిస్టరు తెరిచి పేర్లు, ఆధార్ చివరి నాలుగంకెలు, ఊరు కలిపి చూస్తే మనుషులు 700కు కాస్త పైన తేలారు. ఒకే మనిషికి పంట రుణం, బంగారం అప్పు, బర్రె అప్పు ఉన్నాయి. మూడు ఖాతాలు, మూడు సంతకాలు, మనిషి ఒక్కరే. అబద్ధం చెప్పాలని ఎవరూ అనుకోలేదు. ఖాతాల వరస సంఖ్య చూసి రాసేశారంతే.

ఇలా చేయండి:

మొదట ఆధార్ లేదా సభ్యత్వ నంబరు ప్రకారం వరసలో పెట్టి డూప్లికేట్లు తీసేయండి. తర్వాత రెన్యువల్స్ వేరు చేయండి. మార్చిలో పాత పంట రుణం వడ్డీ కట్టించుకుని అదే రోజు కొత్త అప్పుగా రాసే బుక్ అడ్జస్ట్‌మెంట్ మనకు కొత్త కాదు. రైతు చేతికి రూపాయి రాలేదు. దాన్ని "కొత్తగా ఇచ్చిన అప్పు" కింద వేస్తే నివేదిక మొత్తం ఉబ్బిపోతుంది. రెన్యువల్ ఎంత, చేతికి వెళ్లిన సొమ్ము ఎంత, రెండు గళ్లుగా చూపండి.

ఆ తర్వాత మనుషుల్ని విడగొట్టండి: ఆడ, మగ, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, ఇతరులు, సన్నకారు రైతు, చిన్నకారు రైతు, పెద్ద రైతు, కౌలు రైతు, కూలీ. రెండున్నర ఎకరాల లోపు సన్నకారు, ఐదెకరాల లోపు చిన్నకారు అన్నది బ్యాంకుల లెక్క. ఈ లెక్క మన నేలకు సరిగ్గా అతకదని నా అభిప్రాయం. ఉరవకొండ వైపు ఎనిమిది ఎకరాల మెట్ట ఉన్నవాడు, కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద రెండెకరాల మాగాణి ఉన్నవాడికన్నా చాలాసార్లు బీదవాడు. కాబట్టి బ్యాంకు అడిగిన గళ్లు అలాగే నింపి, పక్కన మెట్ట, తరి అని ఇంకో గడి కలపండి.

జాగ్రత్త: భార్య పేరు మీద అప్పు, డబ్బు భర్త చేతికి. ఇది రిజిస్టరులో తెలియదు. ఏడో మెట్టులో ఊళ్లు తిరిగినప్పుడు తేలుతుంది. అప్పటిదాకా "మహిళలకు ఇంత శాతం" అని పెద్దక్షరాల్లో వేయకండి. "మహిళల పేరున ఇంత శాతం" అని రాయండి.

3. సగటు ఒక్కటే ఇవ్వకండి

పది అప్పులు ఇచ్చారనుకోండి. తొమ్మిది అప్పులు తలా 20,000. పదోది ఒక రైస్ మిల్లుకు 10 లక్షలు. సగటు అప్పు 1,18,000 అవుతుంది. ఆ మొత్తం తీసుకున్న మనిషి ఆ పదిమందిలో ఒక్కరూ లేరు. అప్పుల్ని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసగా రాసి, సరిగ్గా నడిమిది ఏదో చూడండి. ఇక్కడ 20,000. సగటు, నడిమి అప్పు రెండూ ఇవ్వండి. రెంటికీ మధ్య దూరం ఎక్కువగా ఉంటే డబ్బు కొద్దిమంది దగ్గర పోగుపడిందని అర్థం. మొత్తం అప్పుల్లో పెద్ద పదిమంది దగ్గర ఎంత శాతం ఉందో కూడా వేస్తే పాలకవర్గానికే కళ్లు తెరుచుకుంటాయి.

4. మేలుతోపాటు కీడు కూడా లెక్కించండి

2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ కంపెనీలకు ఏమైందో గుర్తుందిగా. సభ్యుల సంఖ్య ఏటేటా పెరుగుతోందని, అంతా బీద మహిళలేనని, వసూళ్లు నూటికి నూరు దగ్గర ఉన్నాయని అప్పట్లో గొప్పగా చెప్పుకున్నారు. ఒక్కో ఇంటి మీద మూడు, నాలుగు కంపెనీల వాయిదాలు పడుతున్న సంగతి ఏ గడిలోనూ లేదు. ఆ అక్టోబరులో ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. ఎంతమందికి ఇచ్చాం, ఎంత వసూలైంది అన్న రెండంకెలే సామాజిక పనితీరు అనుకుంటే మళ్లీ అక్కడికే చేరతాం.

ఈ ఐదూ తప్పకుండా ఉండాలి:

బకాయి. 30 రోజులు దాటిన వాయిదా ఒక్కటి ఉన్నా, ఆ అప్పు నిల్వ (ఇంకా కట్టాల్సిన సొమ్ము) మొత్తాన్ని లెక్కలోకి తీసుకోండి. నిల్వ 60,000 ఉండి 5,000 వాయిదా తప్పితే, రాయాల్సింది 60,000. చాలా సంఘాలు 5,000 మాత్రమే రాస్తాయి, శాతం ముచ్చటగా కనబడుతుంది. ముంచేది అదే.

వాయిదాల బరువు. ఇంటి నెల ఆదాయంలో అన్ని అప్పుల వాయిదాలు కలిపి 50 శాతం దాటకూడదని మైక్రోఫైనాన్స్ అప్పులకు రిజర్వ్ బ్యాంకు 2022లో హద్దు పెట్టింది. మీకు అది వర్తించినా వర్తించకపోయినా మంచి కొలబద్ద. ఎన్ని ఇళ్లు ఆ గీత దాటాయో చూడండి. బయట వడ్డీ వ్యాపారికి కట్టేది కూడా కలపాలి.

నిజమైన వడ్డీ. 12 శాతం ఫ్లాట్ (మొదట ఇచ్చిన మొత్తం మీదే వడ్డీ) అని చెప్పి ఏడాదికి నెల వాయిదాల మీద ఇస్తే, తగ్గే నిల్వ మీద అది 21 శాతం దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్ కోత కలిపితే ఇంకా పెరుగుతుంది. బ్యాంకులు ఇప్పుడు అన్నీ కలిపిన వార్షిక రేటును కాగితం మీద రాసి ఇవ్వాల్సిందే. మీరూ అదే రేటు వేయండి.

కాదన్నవాళ్లు. ఎంతమంది దరఖాస్తు తిప్పి పంపారు, వాళ్లలో కౌలు రైతులెందరు. భూమి పాస్‌బుక్ లేదని పంపేసినవాళ్లు ఎక్కువగా వాళ్లే.

వెళ్లిపోయినవాళ్లు. ఏడాదిలో సభ్యత్వం మానుకున్నవాళ్ల సంఖ్య, కుదిరితే కారణం.

5. ఆఫీసు లెక్క: గంటలో అయిపోతుంది

12 నెలల కరెంటు బిల్లుల్లో యూనిట్లు కూడండి. రూపాయలు కాదు, యూనిట్లు. మన దేశంలో గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్క వేస్తే చాలు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ దీన్ని ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది. మీరు ఏ ఏడాది అంకె వాడారో కింద రాయండి. డీజిల్ లీటరుకు సుమారు 2.7 కిలోలు, పెట్రోల్ లీటరుకు సుమారు 2.3 కిలోలు.

పెద్ద బ్యాంకుల భాషలో మీరు కాల్చిన డీజిల్, పెట్రోల్ స్కోప్ 1. కొన్న కరెంటు స్కోప్ 2. మిగతాదంతా స్కోప్ 3. ఇక్కడికి ఇంత చాలు. నెలకు 300 యూనిట్లు కాలే ఆఫీసుకు ఏడాదికి 3,600 యూనిట్లు, అంటే 2,520 కిలోలు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, వెంటనే దీనితో పనుంది.

6. మీ డబ్బు నేలకు, నీళ్లకు ఏం చేసింది

కాగితం ఆదా చేశాం, ఎల్ఈడీ బల్బులు పెట్టాం అని రాసి పర్యావరణం పేజీ ముగించేస్తారు. దయచేసి అలా చేయకండి. అప్పులిచ్చే సంస్థకు అసలు ముద్ర ఆఫీసులో ఉండదు, అప్పు వెళ్లినచోట ఉంటుంది. స్కోప్ 3లో ఉన్న పదిహేను వర్గాల్లో చివరిది (పెట్టుబడులు, అప్పులు) సరిగ్గా దీని గురించే.

చిన్న లెక్క చూడండి. ఒక రైతుకు 5 హెచ్‌పీ మోటారుకు అప్పిచ్చారు. అది సుమారు 3.7 కిలోవాట్లు. రోజుకు 9 గంటలు, ఏడాదికి 200 రోజులు ఆడిందనుకుందాం. 6,660 యూనిట్లు. 0.7తో గుణిస్తే 4,662 కిలోలు. మీ ఆఫీసు ఏడాదంతా వాడినదానికి దాదాపు రెట్టింపు, ఒక్క మోటారుకు. అలాంటి అప్పులు ఎన్ని ఇచ్చారో ఇప్పుడు రిజిస్టరు తిప్పండి.

మొత్తం మీ ఖాతాలో వేసుకోవాలా? అక్కర్లేదు. బోరు, మోటారు కలిపి 2 లక్షల ఖర్చు, అందులో మీ అప్పు నిల్వ ఇప్పుడు 50,000 ఉంటే మీ వాటా 25 శాతం. 4,662లో పాతిక శాతం, సుమారు 1,165 కిలోలు. ప్రపంచంలో బ్యాంకులు వాడే పీకాఫ్ అనే పద్ధతికి మూలసూత్రం ఇదే. లెక్కకు ఆధారం ఎంత గట్టిదో 1 నుంచి 5 దాకా మార్కు వేయమని కూడా ఆ పద్ధతి చెబుతుంది, 1 అన్నిటికన్నా గట్టిది. మనలాగ మోటారు హెచ్‌పీ చూసి అంచనా వేస్తే ఆధారం బలహీనం. ఆ మాట నివేదికలో ఒప్పుకోండి. అందులో చిన్నతనం లేదు.

అయితే మన మూడు జిల్లాల్లో కార్బన్ కన్నా ముందు చూడాల్సింది నీళ్లు. నార్పల వైపు ఒక రైతు చీనీ (బత్తాయి) తోటకు వెళ్లినప్పుడు జరిగింది చెబుతా. రిజిస్టరులో ఆయన పేరు మీద బోరు అప్పు ఒకటే ఉంది. సకాలంలో కడుతున్నాడు. మా కాగితం మీద అది మంచి అప్పు. గట్టు మీద నిలబడి అడిగితే చేయి చాచి చూపించాడు. "అదో, ఆ రాయి పెట్టినానే, అది మొదటిది. ఎండిపాయ. ఆ ఎలక్ట్రిక్ స్తంభం కాడ రెండోది. పొడి లేసింది. ఇది మూడోది సార్, ఇంచిన్నర పడతాండాది." రెండో బోరుకు డబ్బు ఎక్కడిదంటే, ఆయన భార్య గాజులు మా దగ్గరే తాకట్టు పెట్టి తీసుకున్నది. రిజిస్టరులో అది "బంగారం అప్పు, వ్యవసాయం". బోరు అన్న మాటే లేదు. అంటే మా డబ్బుతో రెండు బోర్లు పడ్డాయి, ఒకటి వట్టిపోయింది, మా నివేదిక ఒకదాన్నే చూసింది. ఆ రోజు నుంచి బంగారం అప్పుల్ని వదిలి బోర్ల లెక్క రాయలేదు.

కాబట్టి బోరు, మోటారు, పైప్‌లైన్, డ్రిప్ అప్పులన్నిటికీ, వ్యవసాయం పేరుతో తీసుకున్న బంగారం అప్పులకూ ఒక పట్టీ వేయండి. గళ్లు ఇవి: ఇది ఎన్నో బోరు, ఎన్ని అడుగులు, వేసినరోజు ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డాయి, ఇప్పుడు ఎన్ని ఇంచులు, వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి ఉందా, పక్క పొలం బోరు ఎంత దూరం, ఆ బోరులో నీళ్లు తగ్గాయా. చివరి గడి కష్టం, నాకు తెలుసు. అయినా అడగండి. మీ సభ్యుడి బోరు వల్ల పక్కవాడిది ఎండితే, ఆ పక్కవాడూ మీ సభ్యుడే అయ్యుండొచ్చు.

రెండు ఉచ్చులున్నాయి. డ్రిప్ అప్పు ఇచ్చాం కాబట్టి ఇన్ని నీళ్లు మిగిలాయి అని కంపెనీ బ్రోచర్ చూసి రాసేస్తారు. మిగిలిన నీళ్లతో రైతు ఇంకో ఎకరం చీనీ పెట్టి ఉంటే భూమిలోంచి తోడింది తగ్గలేదు. డ్రిప్ పెట్టక ముందు ఎన్నెకరాలు తడిపారు, ఇప్పుడు ఎన్నెకరాలు అని అడిగి రెండూ రాయండి. సోలార్ పంపు కూడా అంతే. కరెంటు తగ్గింది నిజం, అది రాసుకోండి. పగలంతా ఉచితంగా ఆడుతుంది కాబట్టి నీళ్లు ఎక్కువ తోడుతున్నారేమో, అదీ చూడండి.

మిగతా అప్పులు త్వరగా అయిపోతాయి. బర్రెలు, గొర్రెలకు మేత ఎక్కడిది. చిన్న పరిశ్రమలుంటే వ్యర్థ జలం ఎటు పోతుంది. ధర్మవరం వైపు సంఘాలైతే పట్టు అద్దకం నీళ్లు ఏ కాలువలో కలుస్తున్నాయో స్వయంగా వెళ్లి చూడండి.

7. ముప్పై ఇళ్లు తిరగండి

అందరినీ అడగలేరు. 600 అప్పులుంటే ముప్పై చాలు. 1 నుంచి 20 లోపు ఒక నంబరు చీటీ తీయండి. 7 వచ్చిందనుకోండి. ఏడోది, ఇరవై ఏడోది, నలభై ఏడోది, అలా ప్రతి ఇరవయ్యోది పట్టుకోండి. రోడ్డు పక్కన ఉన్నాడని, బాగా మాట్లాడతాడని మనిషిని మార్చకండి. ఇల్లు తాళం వేసి ఉంటే ఇంకోసారి వెళ్లండి. బెంగళూరుకు వలస పోయారని తెలిస్తే అదే జవాబు, రాసుకోండి. వలస వెళ్లినవాళ్లను తీసేసి ఇంకొకరిని వేసుకుంటే మీ నివేదికలో కష్టాల్లో ఉన్నవాళ్లే మాయమవుతారు.

అప్పు మంజూరు చేసిన గుమాస్తాను అడగడానికి పంపకండి. ఆయన ముందు ఎవరూ నిజం చెప్పరు. పక్క ఊరి సభ్యురాలిని పంపండి, డిగ్రీ చదివిన పిల్లలైనా సరే. అడిగేది ఐదారు ప్రశ్నలే: డబ్బు దేనికి వాడారు? ఎవరు ఖర్చుపెట్టారు? ఇంకెక్కడ అప్పులున్నాయి? వాయిదా కట్టడానికి ఏమన్నా అమ్మారా, తిండి తగ్గించారా? మళ్లీ తీసుకుంటారా? "మా సంఘం వల్ల మీకు లాభం కలిగిందా" అని మాత్రం అడగకండి. అందరూ కలిగిందనే అంటారు.

సమయం లేదంటారా? పదిహేను ఇళ్లైనా తిరగండి. అప్పుడు శాతాలు వేయకండి, "15లో 6 ఇళ్లు" అని అంకెలే ఇవ్వండి. ముప్పైకి కూడా అదే మేలు.

8. రాయడం

పది పేజీలు దాటనివ్వకండి. తెలుగులో రాయండి. బ్యాంకు ఇంగ్లీషులో కావాలంటే తర్వాత తర్జుమా చేయించుకోవచ్చు. ప్రతి అంకె పక్కన పోయిన ఏడాది అంకె ఉండాలి. మొదటి ఏడాదైతే ఆ గడి ఖాళీగా వదలండి, ఊహించి నింపకండి. శాతం వేసినచోట దేనిలో శాతమో రాయండి. "మహిళలు 62 శాతం" అంటే సభ్యుల్లోనా, అప్పు తీసుకున్నవాళ్లలోనా, రూపాయల్లోనా? మూడింటికీ మూడు జవాబులు వస్తాయి. మీ ఉద్యోగుల జీతాలు, వసూళ్లకు తిరిగే కుర్రాళ్ల పీఎఫ్ సంగతి కూడా ఒక పేజీ రాయండి. ఊరికి న్యాయం చేస్తున్నామని రాసి, ఇంట్లోవాళ్లను వదిలేయకూడదు.

చెడు అంకెను ఫుట్‌నోట్‌లో దాచకండి. బకాయి పెరిగితే మొదటి పేజీలో వేసి కారణం, ఏం చేయబోతున్నారో కింద రాయండి. తనిఖీకి వచ్చే అధికారి ఎలాగూ పట్టుకుంటాడు, అప్పుడు మిగతా మంచి అంకెల్నీ నమ్మడు.

9. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

పంపే ముందు ఇవి చూడండి:

- వర్గాలవారీ అప్పుల మొత్తం, బ్యాలెన్స్ షీటులోని అప్పుల నిల్వతో రూపాయి తేడా లేకుండా కలవాలి. కలవకపోతే ఎక్కడో రెండుసార్లు వేశారు, లేదా వదిలేశారు.
- ఆడ, మగ కూడితే మొత్తం మనుషులు రావాలి. కులాలవారీగా కూడినా అదే రావాలి.
- నివేదికలోంచి ఏవైనా ఐదంకెలు ఎవరినైనా ఎంచమనండి. ఒక్కోదాని వెనక బిల్లు, రిజిస్టరు పేజీ పది నిమిషాల్లో చూపగలగాలి. చూపలేని అంకెను తీసేయండి.
- పోయిన ఏడాదితో పోలిస్తే ఏదైనా అంకె పావు వంతుకు మించి పెరిగినా, తగ్గినా ఆగండి. నిజంగా మారిందా, లెక్క పద్ధతి మారిందా?
- యూనిట్ల బదులు రూపాయలు, కిలోల బదులు టన్నులు పడ్డాయేమో చూడండి. వెయ్యి కిలోలు ఒక టన్ను. ఈ ఒక్క పొరపాటు చాలా నివేదికల్లో దొరుకుతుంది.
- లెక్క వేయనివాళ్లు ఒకరు మొత్తం మళ్లీ కూడాలి.

బీఆర్‌ఎస్‌ఆర్‌లో ముఖ్యమైన అంకెల్ని బయటివాళ్లు తనిఖీ చేయాలన్న నిబంధన 2023-24లో మొదటి 150 కంపెనీలతో మొదలైంది. మీకు అంత ఖర్చు కుదరదు. మీకు దానికన్నా గట్టి తనిఖీ ఉంది, సభ్యులందరూ కూర్చునే మహాజన సభ. నివేదికను ఫొటోకాపీలు తీసి వారం ముందే ఊళ్లకు పంపండి. సభలో బోర్ల పట్టీ పూర్తిగా చదివి వినిపించండి, పేర్లు మాత్రం చదవకండి. ఎవరి ఇల్లు ఎంత అప్పులో ఉందో పదిమందిలో చెప్పే హక్కు మనకు లేదు. "మా ఊర్లో తొమ్మిది బోర్లు కాదు, పద్నాలుగు" అని ఎవరన్నా లేచి అంటే కొట్టిపారేయకండి. రాసుకోండి, వారంలోపు వెళ్లి చూడండి, తప్పు మనదైతే దిద్ది మళ్లీ పంపండి. దిద్దిన తేదీ వేయండి.

సభ అయిపోయిన మర్నాడే ఒక పని ఉంది. కొత్త అప్పు దరఖాస్తులు ప్రెస్‌కు వెళ్లే ముందు "అప్పు దేనికి" అన్న గడి కింద ఇంకో గీత కొట్టించండి: "బోరు కోసమైతే, ఇది మీకు ఎన్నోది? ముందువాటిలో ఇప్పుడు నీళ్లు ఎన్ని?" బంగారం అప్పు ఫారంలో కూడా.